జావాను మోసుకెళ్లిన జీపు

జావా, యెజ్డీ మోటారు సైకిళ్లు ఉన్నవాళ్లకు జూలై రెండో ఆదివారం పండగ. ఇంటర్నేషనల్ జావా డే అని పేరు. ఆ రోజు చాలా ఊళ్లలో ఈ పాత బండ్లన్నీ ఒకచోట చేరతాయి. 2012లో అది జూలై 8న వచ్చింది. నాన్నకి 70 నిండిన ఏడాది. వేసవిలో ఒక రాత్రి అన్నం తింటూ, "బెంగళూరులో జావాలన్నీ కలుస్తాయంటగా. మన బండి కూడా తీసుకెళ్తే బాగుండురా" అన్నాడు. ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదాయన. అడిగాడంటే ఎన్నాళ్ల నుంచో మనసులో ఉన్నట్టే లెక్క.

మాది తెనాలి. నాన్న సహకార బ్యాంకులో సూపర్‌వైజరుగా చేశాడు. దుగ్గిరాల, కొల్లిపర, వేమూరు, అమృతలూరు, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అప్పుల లెక్కలు చూడటం ఆయన పని. ఆ తిరుగుడు కోసమే 1969లో జావా 250 కొన్నాడు. మెరూన్ రంగు, ట్యాంకుకి రెండు పక్కలా క్రోమ్, మోకాళ్లు ఆనేచోట నల్ల రబ్బర్లు, ఒకే సిలిండరుకి రెండు సైలెన్సర్లు. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక కిందికి దించితే గేరు. బండి అడిగి తీసుకున్న కొత్తవాళ్లు ఆ రాడ్డు దగ్గరే ఆగిపోయేవాళ్లు. గేరు మార్చేటప్పుడు కాలితో నొక్కితే చాలు, క్లచ్ దానంతట అదే విడుతుంది. నాన్న మాత్రం ఎప్పుడూ చేత్తో క్లచ్ పట్టే మార్చేవాడు, ప్లేట్లు ఎక్కువకాలం వస్తాయని.

పుట్టిల్లు చెకోస్లొవేకియా అయినా మనం నడిపిన జావాలు మైసూరువి. ఇరానీ కుటుంబం వాళ్ల ఐడియల్ జావా ఫ్యాక్టరీని 1961లో, అప్పటి మైసూరు గవర్నరు జయచామరాజేంద్ర ఒడెయర్ ప్రారంభించారు. 1973 నుంచి బండ్ల మీద యెజ్డీ పేరు వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడి నుంచి అసలు కష్టం మొదలు. కనెక్టింగ్ రాడ్డు కిట్టు కావాలన్నా, పిస్టన్ రింగులు కావాలన్నా ఎవరి షాపు అటక మీదో మిగిలిపోయిన పాత స్టాకు వెతుక్కోవాల్సిందే. అందుకే నాన్న బండిని ఊళ్లోనే నడిపేవాడు. పొన్నూరు దాకా వెళ్లి రావడమే దూరప్రయాణం. క్రాంకు బేరింగులో సన్నటి చప్పుడు మొదలైంది అప్పటికే. అలాంటి బండిని 600 కిలోమీటర్ల దూరం నడిపించుకుంటూ వెళ్లడం కుదరదు.

రైల్లో పార్శిల్ వేద్దామన్నాను. నాన్న ఒప్పుకోలేదు. బండి తన కళ్ల ముందే ఉండాలన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది మామయ్య జీపు.

మామయ్య అమ్మకి ఆఖరి తమ్ముడు. నిజాంపట్నం దగ్గర వాళ్ల ఊరు. 1990 ప్రాంతంలో తీరం పొడుగునా వరిచేలు రొయ్యల చెరువులైపోయిన రోజుల్లో ఆయనా చెరువులు తవ్వించాడు. చెరువు గట్ల మీద తిరగడానికి సెకండ్ హ్యాండ్‌లో మహీంద్రా ఎం.ఎం.540 కొన్నాడు, 1989 మోడల్. 2112 సి.సి. ప్యూజో డీజిల్ ఇంజన్. మేత బస్తాలు మోయడానికి మిలిటరీ డిస్పోజల్‌లో ఒక జీపు ట్రైలరు కూడా తెచ్చాడు. నాలుగేళ్లు బ్రహ్మాండంగా సాగింది. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులన్నీ ఖాళీ చేసింది. మామయ్య మళ్లీ వరికి తిరిగాడు. జీపు అవసరం తగ్గి, చివరికి కొట్టంలో చేరింది. ఉప్పుగాలికి దాని మీద తుప్పు పొర మీద పొర కట్టింది.

ఫోన్ చేసి సంగతి చెప్పాను. "జీపు పనికొస్తుందా మామయ్యా?" అన్నాను.

"పనికొచ్చేట్టు చేద్దాం అల్లుడూ. బావ బండిని నా జీపు కాకపోతే ఇంకెవరి జీపు మోస్తది?" అన్నాడు.

ఆ మాట వెనక కథ ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన అనగానే అందరూ దివిసీమనే తలుచుకుంటారు. కృష్ణకి ఇవతల రేపల్లె, నిజాంపట్నం వైపు కూడా ఆ దెబ్బ తగిలింది. కరెంటు లేదు, బస్సుల్లేవు, పుట్టింటివాళ్లు ఉన్నారో లేరో తెలియక అమ్మ నిద్ర మానేసింది. గాలి తగ్గగానే నాన్న జావా మీద బయల్దేరాడు. వెనక బియ్యం మూట, సంచిలో అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. రోడ్డుకి అడ్డంగా పడ్డ తాడిచెట్ల మీదుగా బండిని ఎత్తి దాటించుకుంటూ, నీళ్లున్నచోట ఇంజన్ ఆపి తోసుకుంటూ వెళ్లాడు. మామయ్యకి అప్పుడు పన్నెండేళ్లు. గుడి అరుగు మీద జనంతో కలిసి కూర్చున్నాడట. బావ కనపడకముందే బండి చప్పుడు వినపడిందట. "అది బావ బండే అని నేనంటే అమ్మ నమ్మలేదు" అని ఇప్పటికీ చెప్తాడు. జావా చప్పుడు ఒకసారి విన్నవాడు ఇంకో బండితో పొరపడడు, అది మాత్రం నిజం.

జీపుని లారీకి కట్టి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. ఆటోనగర్ చూడనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. ఒక వీధి నిండా కమాన్ కట్టల పనివాళ్లు, ఇంకో వీధిలో రేడియేటర్లు, ఆ పక్కన లేత్‌లు, డీజిల్ పంపులు, లారీ బాడీలు. ఏ పని ఎవరు చేస్తారో తెలిసిన మేస్త్రి ఒక్కడు దొరికితే చాలు, బండి ఆ వీధుల్లో తిరిగి తిరిగి మనిషై బయటికొస్తుంది. మాకు దొరికిన మేస్త్రికి అరవై దాటాయి. మహీంద్రా జీపులు తప్ప వేరే బండి ముట్టుకోడు. బానెట్ ఎత్తకముందే కిందికి దూరి సుత్తితో ఛాసిస్, అంటే జీపు అడుగు చట్రం, పొడుగునా కొట్టుకుంటూ వెళ్లాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మెత్తగా పలుకుతుంది. చెవి పెట్టి వింటూ నాలుగుచోట్ల సుద్దముక్కతో గీతలు పెట్టాడు. ఫ్లోరు రేకు బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. "రేకు పోతే పోనీండి, కొత్తది ఏద్దాం. ఛాసిస్ బతికుంది. ట్రైలరు లాగేది ఛాసిస్సే కదండీ" అన్నాడు. నాన్న ముఖం అప్పుడు విప్పారింది.

తర్వాత జరిగిన పనంతా దగ్గరుండి చూశాను. డీజిల్ పంపు, నాజిళ్లు విప్పి కాలిబ్రేషన్‌కి పంపారు. ఈ ప్యూజో ఇంజన్ చలిలో హీటర్ ప్లగ్గులు లేనిదే అందుకోదు, నాలుగూ కొత్తవి వేశారు. రేడియేటరు కోర్ సగానికి పైగా పూడిపోయింది. రాడింగ్, అంటే కడ్డీలతో పొడిచి శుభ్రం, చేయిద్దామంటే మేస్త్రి వద్దన్నాడు. ఊళ్లో తిరిగే జీపుకైతే సరిపోతుంది, ట్రైలరు తగిలించి ఘాట్ ఎక్కేదానికి కొత్త కోరే వేయాలన్నాడు. గొట్టాలు, ఫ్యాన్ బెల్టు అన్నీ మార్చారు, పాత బెల్టుని సీటు కింద పెట్టుకోమన్నాడు. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ క్రాసులు, ముందు చక్రాల కింగ్ పిన్ బేరింగులు, కమాన్ కట్టల బుష్షులు కొత్తవి. వెనక కట్టలకి ఒక్కో బద్ద అదనంగా వేసి బిగించారు.

బ్రేకుల దగ్గర మేస్త్రి అందరినీ పక్కకి పంపి తనే కూర్చున్నాడు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వీల్ సిలిండర్లు ఉప్పుగాలికి పట్టేశాయి. రబ్బరు కప్పులు మార్చి సరిపెట్టొచ్చు కదా అని కుర్రాడు అంటే, సిలిండరు లోపల వేలు పెట్టి చూడమన్నాడు. నేనూ పెట్టి చూశాను. వేలికి సన్నటి గుంటలు తగిలాయి. ఆ గుంటల మీద ఎంత కొత్త రబ్బరైనా నాలుగు రోజుల్లో చిరిగి ఆయిల్ కారుతుందట. నాలుగూ కొత్తవి తెప్పించాడు. లైనర్లు వేయించి డ్రమ్ములు లేత్ పట్టించాడు. చివర ఎయిర్ తీసేటప్పుడు, పెడల్ తొక్కే కుర్రాడు అలిసిపోయినా, గాజు గొట్టంలో బుడగ రావడం ఆగేదాకా వదల్లేదు. "ముందుకు పోవడం ఇంజన్ చూసుకుంటది. ఆపే పని మాత్రం మనది" అన్నాడు. ఆ వేళ్ల మీద గ్రీజు నలుపు చర్మంలోకి ఇంకిపోయి ఉంది. అలాంటి చేతులంటే నాకు చెప్పలేనంత గౌరవం. బండి పాతదైనంత మాత్రాన చావదు, దాని లోపల ఏముందో తెలిసిన చెయ్యి దొరకనప్పుడే చస్తుంది.

ట్రైలరుకి వేరే నంబరు, వేరే కాగితాలు ఉంటాయి. జీపుకి, ట్రైలరుకి రెండిటికీ ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాం. అదృష్టమేమిటంటే రెండిటికీ టైరు సైజు ఒకటే, 6.00-16. ఒకే స్టెప్నీ చాలింది.

జావా పని నాన్నే చేసుకున్నాడు, ఎవర్నీ చెయ్యి పెట్టనీయలేదు. సైలెన్సర్లు విప్పి లోపలి కార్బన్ పోయేదాకా కాల్చాడు. జికోవ్ కార్బొరేటరు విప్పి పెట్రోల్లో కడిగాడు. పాయింట్లు ఉప్పుకాగితంతో రుద్ది, కండెన్సరు మార్చి, గ్యాపు పెట్టాడు. సాయంత్రం కార్బొరేటరు మీది బొత్తాం పెట్రోలు కారేదాకా నొక్కి, ఒక్క కిక్కు కొట్టాడు. వీధి నిండా నీలంపొగ. ఎదురింటి పిల్లలు పరుగెత్తుకొచ్చారు.

ఎక్కించడం ఇంకో పెద్ద పని. జీపు ట్రైలరు పొట్టిది, జావా పొడుగు. వెనక డోరు దించి గొలుసులతో వేలాడదీసి, దాని మీదికి వచ్చేట్టు ఒక ఇనుప చానల్ వెల్డింగ్ చేయించాం. బండి అందులో నిలబడుతుంది. బరువు ఎక్కడ పడాలన్నది ముఖ్యం. ఇరుసుకి వెనకాల ఎక్కువ పడితే స్పీడులో ట్రైలరు తోక ఊపుతుంది, జీపుని కూడా పక్కకి లాగేస్తుంది. మొత్తం బరువులో పదో వంతు హుక్కు మీద ఉండాలని మేస్త్రి లెక్క. 130 కేజీల పైచిలుకు బండి. ముందు చక్రాన్ని ట్రైలరు ముందు రేకుకి ఆనించి, తోక వైపు తేలిక చేయడానికి స్టెప్నీ, డీజిల్ డబ్బా కూడా ముందుకే సర్దాం. పట్టీలు హ్యాండిల్‌కి కట్టనివ్వలేదు నాన్న. ఫోర్క్ కింది బ్రాకెట్టుకి కట్టి, ఫోర్క్ సగం కిందికి దిగేదాకా లాగి బిగించాడు. పెట్రోలు ట్యాపు కట్టేసి, స్టాండు తీసేసి, ట్యాంకు మీద పాత దుప్పటి కప్పాడు.

శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరాం. పొన్నూరు, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు, అక్కడి నుంచి హైవే. మామయ్య డ్రైవింగ్, పక్కన నేను, వెనక అడ్డసీటు మీద నాన్న. ఎంత చెప్పినా ముందు సీటుకి రాలేదు. వెనక కాన్వాసు పరదా పైకి చుట్టించి, దారి పొడుగునా బండినే చూస్తూ కూర్చున్నాడు. గంటకి 50 దాటనివ్వలేదు. టీకి ఆగినప్పుడల్లా నాన్న పట్టీలు లాగి చూసేవాడు, మామయ్య చక్రాల మధ్య చెయ్యి పెట్టి బేరింగులు కాలుతున్నాయేమో చూసేవాడు, నేను ట్రైలరు లైట్లు చూసేవాణ్ని. నాయుడుపేట దగ్గర హైవే వదిలి శ్రీకాళహస్తిలో రాత్రి పడుకున్నాం.

మర్నాడు చిత్తూరు దాటాక మొగిలి ఘాట్. ఇంత పనీ చేయించింది ఈ కొద్ది కిలోమీటర్ల కోసమే అనిపించింది నాకు. బంగారుపాళ్యం దాకా ఉషారుగా వచ్చిన జీపు అక్కడి నుంచి గొంతు మార్చింది. మామయ్య రెండో గేరులోకి దించి యాక్సిలరేటరు ఒకేలా పట్టి ఉంచాడు. లారీలు దాటిపోతున్నాయి. టెంపరేచర్ ముల్లు లేచింది, ఇంకా లేచింది, ఎర్రగీతకి వేలెడు దూరంలో నిలబడింది. ముగ్గురిలో ఎవరం మాట్లాడలేదు. పైకి చేరాక మామయ్య పక్కకి ఆపాడు. ఇంజన్ మాత్రం కట్టేయలేదు. వేడి మీద ఒక్కసారిగా ఆపితే నీళ్ల తిరుగుడు ఆగి హెడ్డు దెబ్బతింటుందని మేస్త్రి గట్టిగా చెప్పి పంపాడు. ఐడిలింగ్‌లో అలాగే ఉంచితే ముల్లు మెల్లగా కిందికి దిగొచ్చింది. నాన్న కిందికి దిగి, జీపు బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. "గట్టిది చేయించావురా" అన్నాడు మామయ్యతో. ఆ మాటకి మామయ్య కళ్లు తిప్పుకోవడం నేను చూశాను.

పలమనేరు, ముళబాగిలు, కోలారు. చీకటి పడేలోపు బెంగళూరు చేరాం.

ఆదివారం మైదానంలో దృశ్యం ఎలా చెప్పను. చిన్నప్పుడు తెనాలిలో చూసి మరిచిపోయిన బండ్లన్నీ ఒకచోట ఉన్నాయి. మా బండి లాంటి గుండ్రటి పాత జావాలు, యెజ్డీ రోడ్‌కింగ్‌లు, సి.ఎల్. టూలు, మోనార్క్‌లు, జంట సిలిండర్ల 350లు, బుల్లి జెట్ 60. కొన్ని అద్దాల్లా మెరుస్తున్నాయి. నాకు మాత్రం మెరవనివే నచ్చాయి. ట్యాంకు మీద మోకాళ్లు రాసి రాసి రంగు పోయినచోట ఆ మనిషి ఎన్నేళ్లు నడిపాడో కనిపిస్తుంది. అన్నీ ఒకేసారి స్టార్ట్ చేసినప్పుడు పెట్రోల్లో కలిపే టూటీ ఆయిల్ వాసన గాలంతా నిండిపోయింది. ఈ రోజుల్లో ఆ వాసన పడనివాళ్లు చాలామంది ఉంటారు. నాకది నాన్న సాయంత్రం ఇంటికొచ్చిన వాసన.

మా బండి దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. మైసూరు ఫ్యాక్టరీలో బండ్లు బిగించే విభాగంలో పనిచేసి బయటికొచ్చిన మనిషి. ఆయనది కన్నడం, నాన్నది తెలుగు. చేతులతోనే సగం మాట్లాడుకున్నారు. ఇంజన్ స్టార్ట్ చేయమని, వెనక్కి వెళ్లి కూర్చుని, రెండు అరచేతులూ రెండు సైలెన్సర్ల చివర్ల దగ్గర పెట్టాడు. కళ్లు మూసుకుని రెండు వైపులా పొగ ఒకే జోరుతో తగులుతోందా అని చూస్తున్నాడు. ఒకవైపు కార్బన్ పట్టి ఉంటే అక్కడ గాలి మెత్తగా వస్తుంది. కాసేపటికి లేచి తల ఊపాడు. లీటరుకి ఆయిల్ ఎంత కలుపుతారని అడిగాడు. నాన్న "నలభై ఎం.ఎల్." అన్నాడు. మళ్లీ తల ఊపాడు. ఇంజన్ కిందికి వంగి అందులో అచ్చుకొట్టిన నంబరు వేలితో తడుముతూ, తను చేరిన రోజుల్లో ఇలాంటివి లైను మీద రోజూ చేతుల మీదుగా పోయేవని చెప్పాడు. క్రాంకు చప్పుడు గురించి నాన్న అడిగితే, ఇంజన్ దగ్గర చెవి పెట్టి విని, ఇంకా రెండేళ్లు భయం లేదని చెప్పి, ఆ తర్వాత ఎక్కడ చేయించాలో చిరునామా రాసిచ్చాడు. నాన్న ఆ కాగితాన్ని ఆర్.సి. పుస్తకంలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఊళ్లోంచి చిన్న ఊరేగింపు. నాన్న నడిపాడు, వెనక మామయ్య కూర్చున్నాడు. ఉప్పెన నాడు విన్న బండి మీద ఆయన కూర్చోవడం కొత్తేమీ కాదు. కానీ ఆ రోజు హెల్మెట్ లోపల ఏడుస్తూనే ఉన్నానని తర్వాత నాకు చెప్పాడు.

మైసూరు కూడా వెళ్లి ఫ్యాక్టరీ ఉన్నచోటు చూద్దామా అని అడిగాను. "మూసేసిన గేటు చూసి ఏం చేస్తాంరా, ఆ మనిషిని చూశాంగా" అన్నాడు నాన్న. తిరుగుదారిలో మొగిలి ఘాట్ ఎక్కిన రెండో గేరులోనే దిగాం. ట్రైలరు వెనక నుంచి తోస్తుంటే బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, తొక్కి వదులుతూ దించాడు మామయ్య. డ్రమ్ములు వాసన రాలేదు. మేస్త్రికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్తే, "రావు" అని ఒక్క మాటే అన్నాడు.

2018లో జావా పేరుతో, 2022లో యెజ్డీ పేరుతో కొత్త బండ్లొచ్చాయి. మంచిదే, ఆ పేర్లు పిల్లలకి తెలిశాయి. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది, నంబరులో వి.ఎ. అక్షరాలు ఉంటాయి. మా బండికి ఆ అర్హత వచ్చింది. తీసుకోమని చాలామంది చెప్పారు. నేను తీసుకోలేదు. ఆ నంబరు మీద ర్యాలీలకి, ప్రదర్శనలకి, అలాంటి వాటికి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఈ బండి అప్పుల లెక్కలకీ, ఉప్పెనకీ తిరిగిన బండి. కూరగాయల సంచీ తగిలించుకుని మార్కెట్టుకి పోవాలి అది. పాత నంబరు మీదే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయిస్తున్నాను. క్రాంకు ఆ చిరునామాకే పంపి చేయించాం.

జీపు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. ఆటోనగర్‌లో పని మేస్త్రి కొడుకు చూస్తున్నాడు. సుత్తితో ఛాసిస్ కొట్టి వినడం అతనికీ వచ్చు. ఈసారి క్లచ్ ప్లేటు మార్చాలన్నాడు. జూలై లోపు తీసుకెళ్లాలి, మామయ్య అప్పుడే తేదీ అడుగుతున్నాడు.